నీళ్లు లేని లేక్ ఇళ్లకి 22 కోట్ల డాలర్ల బిల్లు: వెనకున్న వందేళ్ల కథ

2024 ఫిబ్రవరి 6న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మిడ్‌లాండ్, గ్లాడ్విన్ కౌంటీల కమిషనర్లు ఒకే రోజు ఒకే విషయం మీద ఓటేశారు. సెకార్డ్, స్మాల్‌వుడ్, విక్సమ్, శాన్‌ఫర్డ్ అనే నాలుగు చెరువుల ఒడ్డున ఇళ్లూ స్థలాలూ ఉన్నవాళ్లంతా కలిసి, ఆ చెరువుల డ్యాములు మళ్లీ కట్టడానికి దాదాపు 21.8 కోట్ల డాలర్లు ఇచ్చుకోవాలని తేల్చారు. ఒకేసారి కాదులెండి, నలభై ఏళ్ల పాటు వాయిదాల్లో. తమాషా ఏంటంటే, 2020లో డ్యాములు తెగడంతో అప్పటికి మూడున్నరేళ్లుగా వాటిలో రెండు చెరువులు ఖాళీ, మిగతా రెండింట్లో నీళ్లు బాగా దించేసి ఉన్నాయి. ఇంటి ముందు నీళ్లు లేవు, కానీ నీళ్లున్న ఇల్లు అని బిల్లు మాత్రం వచ్చింది.

వినగానే అన్యాయం అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, పాత చరిత్ర చదివేదాకా. చదివాక కూడా పూర్తిగా న్యాయం అనలేను గానీ, ఈ బిల్లు నిన్నో మొన్నో పుట్టింది కాదు, 1920ల నుంచి ఎవరూ కట్టకుండా ఒకరి మీద ఒకరు తోసుకుంటూ వచ్చిన బాకీ ఇది.

గ్లాడ్విన్ కౌంటీ జనాభా పాతిక వేలు, అంటే మన దగ్గర ఓ మోస్తరు మండలంలో సగం ఉంటుందేమో. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి పైన్ అడవులన్నీ నరికి, దుంగల్ని టిటబవాసీ నదిలో వదిలి దిగువన సాగినా వైపు తేలించుకుపోయారు. అడవి అయిపోయాక మిగిలింది మొద్దులు, ఇసక నేలలు, పెద్దగా ధర పలకని భూములు. అలాంటి చోటికి ఫ్రాంక్ విక్సమ్ అనే ఆయన వచ్చాడు. ఒకప్పుడు సర్కస్ నడిపిన మనిషి. 1920ల మధ్యలో ఈయన పూనికతో టిటబవాసీ మీద నాలుగు మట్టి కట్టలు లేచాయి. అసలు ఉద్దేశం జలవిద్యుత్తు. వాటిలో పెద్దది విక్సమ్ లేక్‌ని నిలిపిన ఈడెన్‌విల్ డ్యామ్, 54 అడుగుల ఎత్తు, పొడవు 6,600 అడుగులు, అంటే రెండు కిలోమీటర్ల మట్టి కట్ట. ఇంత కట్టకి వచ్చే కరెంటు 4.8 మెగావాట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిన గొడవంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కరెంటు కోసం నిలిపిన నీళ్లు చెరువులయ్యాయి. చెరువుల చుట్టూ ఉన్న ఇసక నేల ఒక్కసారిగా ఒడ్డు స్థలం అయిపోయింది. ప్లాట్లు వేశారు. మొదట్లో వేసవి కాటేజీలు, చలికాలం రాగానే తాళం వేసుకుని వెళ్లిపోయే చిన్న చెక్క ఇళ్లు. సాగినా, బే సిటీ, ఫ్లింట్ లాంటి ఫ్యాక్టరీ ఊళ్ల నుంచి మామూలు జీతాలవాళ్లు కూడా కొనగలిగే ధరలు అప్పట్లో. తరవాత ఆ కాటేజీలకే హీటర్లు పెట్టుకుని, ఇంకో గది వేసుకుని, రిటైరయ్యాక అక్కడే స్థిరపడిపోయారు. ప్రతి ఇంటికీ ఓ డాక్, అంటే నీళ్లలోకి కట్టుకున్న చెక్క రేవు, దానికి కట్టేసి ఓ బల్లపరుపు పడవ. కౌంటీకి ఇంటి పన్నులో బరువైన వాటా ఈ ఒడ్డు ఇళ్ల నుంచే వచ్చేది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇల్లు వాళ్లదే, స్థలమూ వాళ్లదే, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. చెరువు అడుగున ఉన్న శిఖం భూమిలో చాలా భాగం మాత్రం కరెంటు కంపెనీది, కట్ట కూడా కంపెనీదే. ఇంటి విలువలో సగం ఎదురుగా ఉన్న నీళ్లదే అయినా, ఆ నీళ్లు అక్కడ నిలవాలా వద్దా అన్నది నాలుగైదు మెగావాట్లు అమ్ముకునే ఒక చిన్న సంస్థ జమాఖర్చుల మీద ఆధారపడి ఉంది. ఎనభై ఏళ్లు ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు. కట్ట నిలబడింది, నీళ్లున్నాయి, మేలో బోట్లు దింపారు, అక్టోబర్లో తీశారు.

కట్టలు చాలాకాలం వోల్వరిన్ పవర్ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. 1998లో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, అంటే జలవిద్యుత్ డ్యాముల మీద అమెరికా కేంద్ర ప్రభుత్వ నియంత్రణ సంస్థ, అందరూ ఫెర్క్ అంటారు, ఈడెన్‌విల్‌కి లైసెన్సు ఇచ్చింది. అప్పటికే తెలిసిన లోపం ఒకటి ఉంది: అలుగు చాలదు. ఆ నదికి రాగల గరిష్ఠ వరద అని ఇంజినీర్లు లెక్క కట్టినదాంట్లో సగం మాత్రమే ఆ గేట్ల గుండా బయటికి పోతుంది. మిగతా సగం ఎటు పోవాలి? కట్ట మీద నుంచి పోవాలి. మట్టి కట్ట మీద నుంచి నీళ్లు పొర్లితే ఏమవుతుందో చెరువులున్న ఏ ఊళ్లో రైతునడిగినా చెబుతాడు. కాబట్టి ఇంకో అలుగు కట్టండి అని ఫెర్క్ అడుగుతూనే ఉంది, ఓనర్లు గడువు అడుగుతూనే ఉన్నారు. 2006లో బోయ్స్ హైడ్రో అనే కంపెనీ ఈ నాలుగూ కొనుక్కుంది. అలుగుకి కోట్ల డాలర్లు కావాలి, కరెంటు అమ్మితే వచ్చేది అందులో ఏ మూలకీ రాదు. డబ్బు లేదని కంపెనీ, భద్రత మీద బేరాల్లేవని ఫెర్క్. పన్నెండేళ్లు ఇలాగే ఉత్తరాలు నడిచాయి.

2018 సెప్టెంబర్ 10న ఫెర్క్‌కి విసుగొచ్చి ఈడెన్‌విల్ లైసెన్సు రద్దు చేసింది. నా లెక్కలో ఈ కథ మొత్తానికి అసలు మలుపు ఇదే, డ్యామ్ తెగిన రోజు కాదు. లైసెన్సు పోతే కరెంటు అమ్మకూడదు, అంటే ఉన్న కాస్త ఆదాయమూ పోయింది. అదే దెబ్బతో డ్యామ్ ఫెడరల్ పర్యవేక్షణ నుంచి బయటపడి రాష్ట్ర పర్యావరణ శాఖ చేతికి వచ్చింది, ఆ శాఖలో డ్యాముల విభాగం చూస్తే గుప్పెడు మంది. రాష్ట్ర నిబంధన ప్రకారం గరిష్ఠ వరదలో సగం తట్టుకుంటే చాలు. ఫెర్క్ దృష్టిలో ప్రమాదకరమైన కట్ట, ఒక్క బోర్డు మారేసరికి రాష్ట్రం దృష్టిలో ఇంచుమించు పాస్ మార్కుల కట్ట అయిపోయింది. ఆ అక్టోబర్లో వచ్చి చూసిన రాష్ట్ర ఇన్‌స్పెక్షన్, కట్ట స్థితి పర్వాలేదనే రాసింది.

ఒడ్డున ఉన్నవాళ్లకి అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. భద్రత కోసమంటూ కంపెనీ 2018 చలికాలంలోనూ, 2019లోనూ విక్సమ్ లేక్ నీళ్లని బాగా కిందికి దించేసింది, అదీ అనుమతి లేకుండా అని రాష్ట్రం ఆరోపణ. డాక్‌లు బురదలో నిలబడ్డాయి, నదిలో ఉండే ఆల్చిప్పలు గుట్టలుగా చచ్చాయి. మా నీళ్లు మాకు కావాలి అని ఇళ్లవాళ్లు గట్టిగా అడిగారు, ఎవరైనా అడుగుతారు. 2019 మేలో సర్క్యూట్ కోర్టు నాలుగు చెరువులకీ చట్టబద్ధమైన నీటి మట్టం ఖరారు చేసింది, మన దగ్గర చెరువుకి ఎఫ్‌టీఎల్, అంటే నిండు మట్టం, ఉన్నట్టే అనుకోండి. విక్సమ్‌కి ఎండాకాలంలో 675.8 అడుగులు. ఫోర్ లేక్స్ టాస్క్ ఫోర్స్ అనే సంస్థని కౌంటీలు తమ తరఫున నియమించాయి, అది 94 లక్షల డాలర్లకి డ్యాములన్నీ కొనడానికి బోయ్స్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. అన్నీ సర్దుకునేలాగే కనిపించాయి. 2020 ఏప్రిల్ 30న రాష్ట్రం బోయ్స్ మీద కేసు వేసింది, ఎందుకంటే కట్ట బలహీనంగా ఉందని కాదు, ఆల్చిప్పలు చచ్చాయని. అప్పటికే అనుమతితో నీళ్లు మళ్లీ నింపడం మొదలైంది, మే మొదటి వారానికల్లా చెరువు నిండుగా ఉంది.

ఆ తర్వాత రెండు వారాలకి వాన. కోవిడ్ లాక్‌డౌన్ రోజులు, మే 18 అర్ధరాత్రి దాటాక జనాన్ని నిద్రలేపి బడుల్లోకి తరలించారు. 19వ తేదీ సాయంత్రానికి విక్సమ్ లేక్ మామూలు మట్టం మీద దాదాపు ఐదున్నర అడుగులు పెరిగింది. ఇంకా కట్ట పైఅంచు తగలడానికి అడుగు పైనే ఉంది, అంటే అందరూ పాతికేళ్లుగా భయపడిన పొర్లడం జరగనే లేదు. 5:35 ప్రాంతంలో తూర్పు వైపు కట్ట దిగువ వాలు ఉన్నట్టుండి జారింది. ఒక స్థానికుడు తీసిన వీడియో ఉంది. గడ్డి మొలిచిన వాలు మొత్తం ఒక్కసారిగా కిందికి కుంగి ముందుకు పాకుతుంది, వెనక సన్నటి మట్టి గోడ ఒకటి కొన్ని సెకన్లు నిలబడుతుంది, ఆ తర్వాత గోడ లేదు, గోధుమరంగు నీళ్లు మాత్రమే. స్వతంత్ర నిపుణుల బృందం 2022లో ఇచ్చిన తుది నివేదిక దీనికి కారణం స్టాటిక్ లిక్విఫాక్షన్ అంది: 1924లో సరిగ్గా కుదించకుండా పోసిన వదులు ఇసక, నీటి ఒత్తిడి పెరిగేసరికి పట్టు మొత్తం ఒక్కసారే వదిలేసి ద్రవంలా పారిపోవడం. తొంభై ఆరేళ్ల క్రితం కాంట్రాక్టర్ మిగుల్చుకున్న నాలుగు డబ్బులు అలా తేలాయన్నమాట. ముందే పసిగట్టగలిగేది, ఆపగలిగేది కూడా అని అదే నివేదిక చెప్పింది. తిలా పాపం తలా పిడికెడు.

ఆ నీళ్లు దిగువన శాన్‌ఫర్డ్ డ్యామ్ మీద నుంచి పొర్లి దాన్నీ తెంచాయి. మిడ్‌లాండ్ ఊళ్లో నది 35.05 అడుగులకి చేరి, 1986 వరద రికార్డుని దాటేసింది. పది వేల మందికి పైగా ఇళ్లు వదిలారు, రెండున్నర వేల కట్టడాలు దెబ్బతిన్నాయి. ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఒక్క ప్రాణం కూడా పోలేదు.

వరద వార్తలు వారంలో అయిపోయాయి. ఒడ్డున ఉన్నవాళ్ల కథ మాత్రం అక్కడ మొదలైంది. వాళ్లలో చాలామందికి ఇల్లు మునగలేదు, నీళ్లు పోయాయి అంతే. చెరువు గర్భంలో వందేళ్ల కిందటి పైన్ మొద్దులు బయటపడ్డాయి, మధ్యలో పాత నది తన దారిన తను పారుతోంది. తర్వాతి వేసవికి గడ్డి, దాని తర్వాత విల్లో, పోప్లర్ మొక్కలు మనిషి ఎత్తు దాటి లేచాయి, వాటి మధ్యలో డాక్‌లు కాళ్లు చాపుకుని నిలబడ్డాయి. ఎవరూ ఊహించని ఇంకో దెబ్బ ఇంటి బావులది. చెరువు నిండుగా ఉన్నన్నాళ్లూ భూమిలో నీరు పైనే ఉండేది, లోతు తక్కువ బోర్లతోనే సరిపోయింది, ఇప్పుడవి ఎండిపోయాయి. ఇంటి ధర పడిపోయి, కొత్త బోరుకి సొంత డబ్బు పెట్టుకునే పరిస్థితి.

బోయ్స్ 2020 జులైలో దివాలా పిటిషన్ వేసింది. ఫెర్క్ 1.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, దివాలా తీసినవాడికి ఎంత వేస్తేనేం. 2020 డిసెంబర్లో కౌంటీలు డ్యాముల్ని, శిఖం భూముల్ని కండెమ్నేషన్ ద్వారా, అంటే ప్రజావసరం కింద ఆస్తి తీసుకునే చట్టంతో, స్వాధీనం చేసుకున్నాయి. అలా కట్టలు మొదటిసారి ప్రజల ఆస్తి అయ్యాయి, తెగిపోయాక. మళ్లీ కట్టాలంటే నాలుగింటికీ కలిపి దాదాపు 40 కోట్ల డాలర్లు. రాష్ట్రం 2022లో 20 కోట్లు ఇచ్చింది. మిగతాదానికి మిషిగన్‌లో పాత చట్టం ఒకటుంది, దాని ప్రకారం చెరువు మట్టం వల్ల ఎవరి ఆస్తికి లాభమో వాళ్ల మీదే ఖర్చు వేయొచ్చు. స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. ఒడ్డు మీద ఇల్లుంటే పూర్తి వాటా, వెనక వరసలో ఉండి చెరువులోకి దిగే హక్కుంటే తక్కువ వాటా. కట్టకపోతే ఆస్తి మీద బాకీగా ఉండిపోతుంది.

ఒడ్డువాళ్లలో కొందరు హెరన్ కోవ్ అసోసియేషన్ పేరుతో కోర్టుకెళ్లారు. మాకు పెరిగే ఆస్తి విలువ కన్నా మీరు వేసే బిల్లే ఎక్కువ అన్నది వాళ్ల వాదన, పెన్షన్ మీద బతికేవాళ్లు నలభై ఏళ్ల బాకీ ఎప్పటికి తీర్చాలి అన్నది దాని వెనకున్న గోడు. సర్క్యూట్ కోర్టు ఒప్పుకోలేదు, అప్పీల్ కోర్టూ ఒప్పుకోలేదు. కేసు నడిచినన్నాళ్లూ బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోలేక నిర్మాణం నెమ్మదించింది, దాంతో నీళ్ల కోసం ఎదురుచూసే పక్కింటివాళ్లకి కేసు వేసినవాళ్ల మీద కోపం. ఒకే వీధిలో రెండు వర్గాలు.

నా అభిప్రాయం అడిగితే, చెరువు మీద లాభపడేవాళ్లు చెరువు ఖర్చు భరించడం సూత్రంగా తప్పు కాదు. వాళ్లంతా పడవలు తిప్పుకున్న అన్నేళ్లలోనూ ఆ ఖర్చు ఎక్కడో పేరుకుంటూనే ఉంది. కానీ పాస్ మార్కులు వేసిన రాష్ట్రం సగం ఇచ్చి చేతులు దులుపుకోవడం, పన్నెండేళ్లు ఉత్తరాలు రాసి చివరికి ఉన్న ఆదాయం తెంచి తప్పుకున్న ఫెర్క్ ఏ బాధ్యతా మోయకపోవడం, ఇదే మింగుడు పడదు. రాష్ట్రం మీద నష్టపరిహారం కేసులు వేరేగా నడిచాయి, అవి అసెస్‌మెంట్‌ని ఆపవు.

ఇప్పుడు గ్లాడ్విన్‌లో లేక్ ఇల్లు కొనేవాళ్లు ధరతో పాటు ఇంకో సంగతి చూసుకుంటున్నారు. అమ్మేవాడు తన వాటా ముందే కట్టేశాడా, లేక నలభై ఏళ్ల వాయిదా ఇంకా ఆ స్థలం మీద ఉందా అని. ఉంటే అది ఇంటితో పాటే వస్తుంది.