కొండ మీద నుంచి 999కి ఫోన్ చేస్తే బిల్లు రాదు: బ్రిటన్ వేసవి నడకల్లో అపోహలు, వాస్తవాలు

మే నెలలో ఎండ కాస్త ముఖం చూపించగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఈ వీకెండ్ ఏదైనా కొండ ఎక్కుదాం అనుకుంటున్నాం, పిల్లలతో వెళ్లొచ్చా?" అని అడుగుతారు. నేను మాంచెస్టర్‌లో ఉంటాను. పదకొండేళ్లుగా పీక్ డిస్ట్రిక్ట్‌లో, లేక్ డిస్ట్రిక్ట్‌లో నడకలకు జనాన్ని తీసుకెళ్తున్నాను. కొండ నడకల్లో జనాన్ని నడిపించడానికి ఇచ్చే హిల్ అండ్ మూర్‌లాండ్ లీడర్ అర్హత సంపాదించాక మన తెలుగు కుటుంబాలు కూడా రావడం మొదలైంది. దారి గురించి, బూట్ల గురించి, వాన గురించి అన్నీ మాట్లాడాక, ఫోన్ పెట్టేసే ముందు చాలామంది గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తారు. "అక్కా, పైన ఏమైనా జరిగి రెస్క్యూ వాళ్లను పిలిస్తే ఎన్ని వేల పౌండ్లు కట్టాలి? వీసాకి ఏమైనా ఇబ్బంది అవుతుందా?"

మిగతా అపోహల వల్ల కాళ్లు నొప్పులు పుడతాయి, ఒక ఆదివారం పాడవుతుంది. దీనివల్ల మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: మౌంటెన్ రెస్క్యూని పిలిస్తే బిల్లు వేస్తారు, వీసా రికార్డులోకి ఎక్కుతుంది.

వాస్తవం: ఒక్క పెన్నీ కూడా తీసుకోరు. ఇంగ్లాండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో మౌంటెన్ రెస్క్యూ బృందాల్లో పనిచేసేది వాలంటీర్లు. ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు. వాళ్లకు జీతం ఉండదు, బృందాలు ఎక్కువగా విరాళాల మీదే నడుస్తాయి. హెలికాప్టర్ అవసరమైతే కోస్ట్‌గార్డ్‌ది వస్తుంది, దానికీ బిల్లు లేదు. మిమ్మల్ని వెతకడానికి వచ్చేవాళ్లు మీ వీసా అడగరు. మీరు ఎక్కడ ఉన్నారు, ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఏమైంది, ఇవే అడుగుతారు.

ఈ పుకారు ఎక్కడి నుంచి పుట్టిందో నాకు అర్థమైంది కాబట్టి అడిగేవాళ్ల మీద కోపం రాదు. కనుక్కోకుండా వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద వస్తుంది. స్విట్జర్లాండ్ లాంటి చోట్ల ఇన్సూరెన్స్ లేకపోతే హెలికాప్టర్‌కు నిజంగానే బిల్లు వేస్తారు. ఎవరో అక్కడి సంగతి విని ఇక్కడికి అంటగట్టారు. రెండోది ఆసుపత్రి ఖర్చు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఏ అండ్ ఈలో, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో, చూసినంతవరకు డబ్బు తీసుకోరు, కానీ వార్డులో చేర్చుకుంటే బిల్లు రావచ్చు. ఆ బాకీ 500 పౌండ్లు దాటి కట్టకుండా వదిలేస్తే తర్వాతి వీసా అప్లికేషన్‌లో అడ్డం పడవచ్చు. ఇది నిజమే. అందుకే పెద్దవాళ్లను పిలిపించుకునేటప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. కానీ అది ఆసుపత్రి సంగతి. కొండ మీద నుంచి కిందికి దింపడానికి దానితో సంబంధం లేదు. ఇక స్కిల్డ్ వర్కర్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి ముందే కట్టి వచ్చారు. ఆసుపత్రి వైద్యం కోసమే అది కట్టారు, వాళ్లు ఆ భయమూ పెట్టుకోనక్కర్లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఒక జులై శనివారం.

సాయంత్రం ఆరుంబావుకు ఫోన్ వచ్చింది. అంతకుముందు ఒకసారి మా గుంపుతో నడిచిన అబ్బాయి. "అక్కా, అమ్మకి కాలు మడతపడింది. కిండర్ స్కౌట్ మీద ఉన్నాం. మీరు కారు తీసుకుని రాగలరా?" నాకు గుండె గతుక్కుమంది. కిండర్ అంటే పీక్ డిస్ట్రిక్ట్‌లోని కొండ. వాళ్లు దాని కింద ఉన్న ఈడేల్ స్టేషన్‌లో దిగి, జేకబ్స్ ల్యాడర్ మీదుగా పైకెక్కి, నో స్టూల్ అనే పెద్ద రాయి దగ్గర ఉన్నారు. అక్కడికి కారు వెళ్లే రోడ్డే లేదు. ఎప్పుడు పడ్డారు అని అడిగితే మధ్యాహ్నం రెండింటికి అన్నాడు. నాలుగు గంటలకు పైగా తుంపరలో, ఆ గాలిలో కూర్చోబెట్టుకుని ఉన్నారు! గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలే అయిన ఆవిడ, కాటన్ చీర మీద స్వెట్టర్ వేసుకుని. "నాకేం కాలేదు బాబూ, కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది" అంటూనే ఉన్నారట. ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఎందుకు చేయలేదంటే, విజిటర్ వీసా కదా అక్కా, పదివేల పౌండ్లు అవుతుందని ఎవరో చెప్పారు అన్నాడు.

"అమ్మ మాట ఎలా ఉంది?" అని అడిగాను. "ముద్దముద్దగా మాట్లాడుతోంది, నిద్ర వస్తోందంటోంది" అన్నాడు. కాలు సంగతి అప్పుడే మరిచిపోయాను. వణుకు, మాట తడబడటం, మత్తు, ఇవి ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోతోందని చెప్పే గుర్తులు. జులైలోనైనా సరే. ఫోన్ పెట్టేసి వెంటనే 999కి చేయమన్నాను. ఇంకా తటపటాయిస్తుంటే, నువ్వు చేయకపోతే నేను చేస్తాను అన్నాను. అప్పుడు చేశాడు.

నేను ఈడేల్ చేరి ఎదురుచూశాను. రాత్రి తొమ్మిది దాటాక, ఇంకా వెలుతురు ఉండగానే స్ట్రెచర్ కిందికి వచ్చింది. ఆవిడను మందపాటి ఎర్రటి సంచిలో మెడ దాకా చుట్టారు. చేతులు మాత్రం బయట పెట్టుకుని స్ట్రెచర్ అంచు పట్టుకున్నారు, నడకకి గాజులు ఆ ఇనుప కడ్డీకి తగిలి చప్పుడు చేస్తున్నాయి. పక్కన నడుస్తున్న బృందంలోని ఒకామె తన ఉన్ని గ్లవ్స్ విప్పి, గాజుల పైదాకా లాగి ఆవిడకు తొడిగింది. అబ్బాయి బ్యాంకు కార్డు చేతిలో పట్టుకుని, ఎవరికి కట్టాలి అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. గ్లవ్స్ ఇచ్చినామె స్కూల్ టీచరట. "మేం జీతానికి రాలేదు. మీరు మధ్యాహ్నమే పిలిచి ఉంటే మాకూ తేలికయ్యేది, అమ్మకూ తేలికయ్యేది" అంది.

ఎముక విరగలేదు, బెణికిందంతే. ఏ అండ్ ఈలో ఒళ్లు వేడెక్కేదాకా చూసి, తెల్లవారుజామున ఇంటికి పంపించారు. డబ్బు అడగలేదు. పడినందువల్ల జరిగిన నష్టం తక్కువ, నాలుగు గంటలు ఆలోచించుకోవడం వల్ల జరిగిందే ఎక్కువ.

పిలవడం ఎలాగంటే: 999 గానీ 112 గానీ, రెండూ ఒకటే. ముందు పోలీస్ కావాలని అడగండి, వాళ్లకు మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. నేరుగా అంబులెన్స్ అడిగితే కొండ మీదికి అంబులెన్స్ రాలేదు కదా, కాస్త సమయం వృథా అవుతుంది. ఓఎస్ లొకేట్ అనే ఉచిత యాప్ పెట్టుకుంటే మీరున్న చోటి గ్రిడ్ రిఫరెన్స్, అంటే మ్యాప్ మీద ఆ చోటును గుర్తించే అక్షరాలు, అంకెలు చూపిస్తుంది, అది చదివి చెప్పండి. అది లేకపోయినా ఫర్వాలేదు, బృందం వాళ్లు మీ ఫోన్‌కు లింకు పంపి, మీరు నొక్కగానే ఎక్కడున్నారో తెలుసుకోగలరు. మీ నెట్‌వర్క్ సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే 999 కాల్ దాని మీద వెళ్తుంది. అసలేమీ లేకపోతే విజిల్: నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. రాత్రయితే టార్చితో అలాగే ఆరుసార్లు. ఫోన్ చేసిన తర్వాత అక్కడి నుంచి కదలకండి. ఉన్న బట్టలన్నీ వేసుకుని, నేల చల్లదనం తగలకుండా బ్యాగు మీద కూర్చోండి.

రక్తం కారితేనే పిలవాలని కూడా లేదు. దారి తప్పి, చీకటి పడి, పిల్లలతో కదలలేని స్థితిలో ఉన్నా అది అత్యవసరమే. సిగ్గుపడకండి.

అపోహ: తిరుమల కొండ నడిచి ఎక్కాం, ఇక్కడివి చిన్న కొండలే కదా.

ఎత్తు మాత్రమే చూస్తే నిజమే అనిపిస్తుంది. కిండర్ 636 మీటర్లు, స్కాఫెల్ పైక్ 978, స్నోడన్ 1,085, బెన్ నెవిస్ 1,345. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మోకాళ్లకు బలముంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అక్కడ తలపైన చాలా దూరం రేకుల కప్పు ఉంటుంది, దారి పొడవునా మంచినీళ్లు, దుకాణాలు, తోటి భక్తులు ఉంటారు, దారి తప్పే ప్రసక్తే లేదు. కిండర్ మీద పైకి చేరాక మెట్లు ఉండవు, దుకాణం ఉండదు, కుళ్లిన మొక్కలు పేరుకున్న నల్లటి తడి పీట్ నేలలో మనిషి లోతు కాలువలు ఉంటాయి. మబ్బు దిగితే పది అడుగుల అవతల రాయి కనిపించదు. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి మీటర్లకు 6 నుంచి 10 డిగ్రీల దాకా చలి పెరుగుతుంది, దానికి గాలి తోడవుతుంది. కింద టీషర్టు వేసుకుని ఐస్‌క్రీం తిన్న రోజే పైన పళ్లు కటకటలాడటం నేను ఎన్నోసార్లు చూశాను. కింది ఊరి వాతావరణం కాదు, ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ ఇచ్చే కొండల ఫోర్‌కాస్ట్ చూడండి.

సమయం లెక్కకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే దానికి సగం కలుపుతాను. పులిహోర డబ్బాలు విప్పి తినే సమయం వేరే.

అపోహ: వేసవి కదా, జీన్స్ చాలు.

చాలదు. తడిసిన జీన్స్ ఆరదు, ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. సింథటిక్ ప్యాంటు, వాన జాకెట్, ఒక వెచ్చటి పొర, టార్చి, విజిల్. ఖరీదైనవి అక్కర్లేదు.

అపోహ: పొలాల్లోంచి నడిస్తే రైతు కేసు పెడతాడు.

ఇది మనవాళ్లను చాలా టెన్షన్ పెడుతుంది. గేటు దగ్గర ఆగి, లోపలికి వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తారు. ఇంగ్లాండ్, వేల్స్‌లలో పసుపు బాణం ఉన్న పబ్లిక్ ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు మీకూ ఉంది, అది ఎవరి పొలమైనా సరే. నీలం బాణం బ్రిడిల్‌వే, దాని మీద గుర్రాలు, సైకిళ్లు కూడా వస్తాయి. దారి వదలకండి, గేటు ఎలా ఉంటే అలాగే వదిలేయండి. కొండల మీద నడిచే హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మిక యువత వందలమంది ఇదే కిండర్ మీదికి నిషేధాన్ని లెక్కచేయకుండా ఎక్కారు, కొందరు జైలుకు వెళ్లారు. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్క్ అయింది. ఆ గేటు తెరిచే ప్రతిసారీ నేను వాళ్లను తలుచుకుంటాను. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ఇంకా విశాలమైన హక్కు ఇచ్చింది.

దూడలున్న ఆవుల మంద కనిపిస్తే మాత్రం దూరంగా చుట్టి వెళ్లండి. ఇంటి దగ్గర ఆవును తాకి దండం పెట్టుకునే అలవాటుతో దగ్గరికి వెళ్లకండి. కుక్క ఉంటే తాడు పట్టుకోండి, ఆవులు తరుముకొస్తే వదిలేయండి, అది తప్పించుకోగలదు.

గడ్డిలో నడిచి ఇంటికి వచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో, తలలో పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో అక్కడ పాకుతున్న ఎర్రటి మచ్చ వస్తే జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టరుకు చూపించండి.

ఇంకొక్కటి, ఇది ఇప్పుడే చేసేయండి. మాట వినిపించనంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది, కానీ 999కి మెసేజ్ పంపాలంటే ముందే నమోదు చేసుకుని ఉండాలి. మీ ఫోన్‌లో ఇంగ్లీషులో 'రిజిస్టర్' అన్న ఒక్క మాట టైప్ చేసి 999కి పంపండి. జవాబు వస్తుంది, దానికి 'యస్' అని తిరిగి పంపండి. ఇంట్లో అందరి ఫోన్లలోనూ, ఊరి నుంచి వచ్చిన అమ్మకు కొనిచ్చిన సిమ్‌లో కూడా.