భానుమతి గారి పాట: అపోహలు – వాస్తవాలు

లలిత సంగీతం, పాత సినిమా పాటలు నేర్పడం నా వృత్తి. పి. భానుమతి గారి పాట ఎత్తుకున్న రోజు క్లాసులో పిల్లల కంటే వాళ్ళను తీసుకొచ్చిన పెద్దవాళ్ళే ఎక్కువ మాట్లాడతారు. వాళ్ళకు ఆమె మీద ప్రేమ చాలా ఉంది. దాంతోపాటు ఎక్కడో విన్న మాటలు కూడా చాలా ఉన్నాయి. పాట నేర్చుకునేవాళ్ళకు అడ్డం పడేవి ఆ మాటలే కాబట్టి వాటి గురించి రాస్తున్నాను.

అపోహ: ఆమె నటి, పాట దానికి తోడు వచ్చిన విద్య.

వరస తిరగేస్తే నిజానికి దగ్గరవుతాం. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టిన అమ్మాయికి తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారే తొలి సంగీత గురువు. 1939లో సి. పుల్లయ్య గారి ‘వరవిక్రయం’లో కాళిందిగా తెరమీదికి వచ్చేసరికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ సినిమాలోనే త్యాగరాజ కృతి ‘పలుకవేమి నా దైవమా’ పాడారు. అది పూర్ణచంద్రిక రాగం. స్వరాలు వంకరగా నడిచే ఆ రాగంలో ఆ వయసు పిల్ల కృతి నిలబెట్టిందంటే వెనక ఎంత సాధన ఉండాలి! పాడటం వచ్చిన అమ్మాయి కావాలని సినిమావాళ్ళు వెతికే కాలం అది. గాత్రమే ఆమెను తెరమీదికి తెచ్చింది.

అపోహ: ‘ఓహోహో పావురమా’ హాలీవుడ్ పాటకు కాపీ.

‘స్వర్గసీమ’ సినిమాలోని ఈ పాటకు రీటా హేవర్త్ నటించిన ‘బ్లడ్ అండ్ శాండ్’లోని పాట ప్రేరణ అన్నది నిజమే. ఆ మత్తు, ఆ కూనిరాగం అక్కడివి. కానీ పాట నడక మనది. దాని బాణీ వెనక ఉన్నవారు బాలాంత్రపు రజనీకాంతరావు గారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ హాలీవుడ్ సినిమాలో రీటా హేవర్త్ పెదవులు మాత్రమే కదిపారు, గొంతు వేరే గాయనిది. ఇక్కడ ఆ పాట పాడే సుజాతాదేవి పాత్రకు వేషమూ గొంతూ రెండూ భానుమతి గారివే. నకలు అనేవాళ్ళు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: కెమెరా ముందు నిలబడి అప్పటికప్పుడు పాడేసేవారు.

టాకీల తొలినాళ్ళలో ఆ పద్ధతి ఉండేది. 1951లో బి.ఎన్. రెడ్డి గారి ‘మల్లీశ్వరి’ వచ్చేనాటికి పాట ముందే రికార్డు చేసి, సెట్లో దానికి పెదవి కలపడం మామూలైపోయింది. అందువల్ల ఆమె గొప్పతనం తగ్గిందా? ఇంకా బాగా కనిపిస్తుందంటాను. ‘ఆకాశ వీధిలో’ చూడండి. ఎన్.టి. రామారావు గారు ఘంటసాల గారి గొంతుకు పెదవి కలుపుతున్నారు, ఆమె తన గొంతుకే కలుపుతున్నారు. ఏ మాట దగ్గర ఊపిరి తీసుకున్నదీ, ఏ సంగతి (ఒకే పంక్తిని స్వరాలు మార్చి పాడే విరుపు) దగ్గర కడుపు బిగపట్టిందీ ఆమె ఒంటికి తెలుసు. అందుకే మెడ, భుజం, కళ్ళు పాటతో కలిసే కదులుతాయి. తర్వాత పి. లీల, జిక్కి, సుశీల గార్ల గొంతులతో నేపథ్యగానం స్థిరపడి, కథానాయికలు పాడుకోవడం మానేశారు. అప్పుడు కూడా తమ పాట తామే పాడుకున్నవారిలో ఎస్. వరలక్ష్మి గారూ, భానుమతి గారూ ముఖ్యులు.

అపోహ: ఆమెది బేస్ గొంతు, ఆడపిల్లలు అలా పాడితే బాగోదు.

నా క్లాసులో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. సన్నగా, తీయగా పాడితేనే ఆడగొంతు అన్న అభిప్రాయం మనకు తర్వాత వచ్చిన సినిమా పాటలతో అలవాటైంది. పాపం, నిండుగొంతు ఉన్న పిల్లలు దాన్ని దాచుకుంటూ పై శ్రుతిలో పీలగా పాడుతుంటారు. వాళ్ళకు నేను ‘మల్లీశ్వరి’లోవే రెండు పాటలు పక్కపక్కన వినిపిస్తాను. ‘పిలచిన బిగువటరా’ వానవేళ ఆడే అల్లరిపిల్ల పాట. అందులో ‘ఔరౌరా’ అన్నచోట ఆగి వినమంటాను. గొంతు పూర్తిగా విప్పి, మాటలోనే వెటకారం, చనువు, సవాలు పలికిస్తారు. తర్వాత ‘మనసున మల్లెల’. అదే గొంతు, అదే నిండుదనం, శబ్దం మాత్రం తగ్గిపోతుంది. మా పిల్లలు మెల్లగా పాడమంటే గొంతు నొక్కేసి గాలి కలిపేస్తారు. ఆమె నొక్కరు. ఊపిరి ఆధారం వదలకుండా, అక్షరం ముద్ద కాకుండా పరిమాణం ఒక్కటే తగ్గిస్తారు. సాలూరి రాజేశ్వరరావు గారి బాణీకీ, కృష్ణశాస్త్రి గారి మాటకూ ఆ స్పష్టత కావాలి. ఈ రెండు పాటలూ ఒకే మనిషి ఒకే సినిమాలో పాడారన్నది బుర్రకెక్కాక పిల్లలు తమ గొంతును చూసి సిగ్గుపడటం మానేస్తారు.

శాస్త్రీయం వచ్చినవాళ్ళు జానపదం పాడలేరు అనేవాళ్ళకు ‘అంతస్తులు’లోని ‘దులపర బుల్లోడో’ చాలు.

అపోహ: పొగరు వల్ల ‘మిస్సమ్మ’ పోగొట్టుకున్నారు.

ముందు ఆమెతో మొదలైన పాత్ర సావిత్రి గారికి వెళ్ళిందన్నది అందరికీ తెలిసిందే. నిర్మాత చక్రపాణి గారితో పొసగలేదు. దాన్ని ఒక ఆడమనిషి పొగరుగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అప్పటికే ఆమె, భర్త పి.యస్. రామకృష్ణారావు గారు కలిసి భరణీ అనే సినిమా నిర్మాణ సంస్థను నడుపుతున్నారు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో ఆమే డైరెక్ట్ చేశారు. 1954లో ‘చక్రపాణి’ సినిమాకు సంగీతమూ ఆమే ఇచ్చారు. ఇంత బాధ్యత నెత్తినేసుకున్న మనిషి మాటకు మాట చెప్పడంలో వింతేముంది? పాటవైపు నుంచి చూస్తే జరిగింది ఇంకోటి: ఆ పాత్ర చేతులు మారడంతో గొంతూ మారింది. ‘కరుణించు మేరిమాత’ మనకు పి. లీల గారి గొంతులో దొరికింది.

అపోహ: భారతదేశపు తొలి మహిళా దర్శకురాలు ఆమే.

కాదు. ఫాత్మా బేగం 1926లోనే సినిమా తీశారు. దక్షిణాదిలో టి.పి. రాజలక్ష్మి గారు 1936లో తమిళంలో ‘మిస్ కమల’ తీశారు. తెలుగులో మొదటివారు భానుమతి గారు. ఆ మాట చాలు, పెంచి చెప్పక్కర్లేదు.

అపోహ: వయసు మీద పడ్డాక పాడకూడదు.

1984లో ‘మంగమ్మగారి మనవడు’ వచ్చింది. అరవైకి దగ్గరపడిన భానుమతి గారు వాణీ జయరాం గారితో కలిసి ‘శ్రీ సూర్యనారాయణా మేలుకో’ పాడారు. పడుచుగొంతు పక్కన తన గొంతును పడుచుగా వినిపించాలని ఎక్కడా ప్రయత్నించరు. బామ్మ బామ్మగానే, శ్రుతిలో నిలబడి, మాట విరుపుతో పాడుతుంది. తర్వాతి సంవత్సరాల్లో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గానూ పనిచేశారు. యాభై దాటాక నేర్చుకుందామని వచ్చేవాళ్ళకు నేను ఇచ్చే మొదటి పాట ఈ సూర్యనారాయణ పాటే. ముందు మీకు హాయిగా పలికే శ్రుతి చూసుకోండి. కింది షడ్జం, అంటే ‘స’ స్వరం, తేలిగ్గా అందాలి. ఆ తర్వాత పల్లవి ఎత్తుకోండి.