అఖ్తమార్: గోడలు నిలిచాయి, ఆరాధన ఏడాదికోసారే

తూర్పు టర్కీలోని వాన్ సరస్సులో అఖ్తమార్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి ఆర్మేనియన్ల పవిత్ర శిలువ చర్చికి టర్కీ ప్రభుత్వం 2005-06లో మరమ్మతులు చేయించింది. 2007 మార్చి 29న దాన్ని మ్యూజియంగా తెరిచింది. ఆ రోజు గోపురం మీద శిలువ లేదు. వివాదం అక్కడే మొదలైంది.

ఈ చర్చిని వాస్పురకాన్ అనే ఆర్మేనియన్ రాజ్యాన్ని ఏలిన గగిక్ 915-921 మధ్య కట్టించాడు. నిర్మించినవాడు మాన్యుయెల్. పక్కనే ఉన్న రాజభవనం ఎప్పుడో పోయింది, చర్చి మిగిలింది. దాని అసలు సంపద బయటి గోడల మీదే ఉంది. ఎర్రటి రాతి మీద చేప నోట పడుతున్న యోనా, గొల్యాతుకు ఎదురు నిలిచిన దావీదు, ఆదాము హవ్వలు కనిపిస్తారు. పైన చుట్టూతా ద్రాక్షతీగ, దాని మధ్య మనుషులు, జంతువులు. పడమటి గోడ మీద గగిక్ తన చర్చి నమూనాను క్రీస్తుకు సమర్పిస్తుంటాడు. బైబిలు కథలను ఆ కాలంలో బయటి గోడల నిండా ఇలా చెక్కడం చాలా అరుదు. గంటల తరబడి చూడాల్సిన పని అది.

1116 నుంచి 1895 దాకా ఇది ఆర్మేనియన్ మతగురువు కాథలికోస్ పీఠం. అంటే ఇక్కడ శతాబ్దాల పాటు నిత్యం ఆరాధన జరిగింది. 1915లో ఒట్టోమన్ పాలనలో జరిగిన ఆర్మేనియన్ల మారణకాండలో ఇక్కడి సన్యాసులను చంపేశారు, మఠాన్ని దోచుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆర్మేనియన్లు లేకుండా పోయారు. చర్చి దిక్కులేనిదైంది.

1951లో కూల్చివేత కూడా మొదలైంది. ఆ సంగతి తెలిసిన యువ పాత్రికేయుడు యశార్ కెమాల్ కల్పించుకుని ఆపించాడు. తర్వాత ఆయన టర్కీలో పేరున్న నవలాకారుడయ్యాడు. ఈ శిల్పాలు ఈరోజు ఉన్నాయంటే ఆయన చలవే.

అందుకే 2007లో చాలామంది ఆర్మేనియన్లకు సంతోషం, బాధ రెండూ కలిగాయి. కప్పు, గోడలు బాగుచేసి, శిలువ పెట్టకుండా, ఆరాధనకు అనుమతివ్వకుండా తెరిస్తే అది చర్చి ఎలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్న. 2010 సెప్టెంబరు 19న, 95 ఏళ్ల తర్వాత, తొలిసారి ఆరాధన జరిగింది. అప్పటికీ శిలువను గోపురం మీదికి ఎక్కించలేదు. నిరసనగా ఆర్మేనియన్ చర్చికి కేంద్రమైన, ఆర్మేనియాలోని ఎచ్మియాద్జిన్ పీఠం తన ప్రతినిధులను పంపలేదు. కొద్దిరోజులకే శిలువ పైకెక్కింది.

ఆరాధనకు ఏడాదిలో ఒక్కరోజే అనుమతి. భద్రతా కారణాలతో 2015లో అదీ ఆగిపోయి, 2018లో మళ్లీ మొదలైంది.