యూబీ 54 అంటే మోకాలి వెనకా, పిరుదు మీదా?

సయాటికా చీటీలో ఒట్టి ‘యూబీ 54’ (యూరినరీ బ్లాడర్, అంటే మూత్రాశయ మెరిడియన్ మీది 54వ బిందువు) అని ఉంటే సూది ఎక్కడ పెట్టాలి? ఈ వాదన అక్యుపంక్చర్ వాళ్లలో మళ్ళీ రాజుకుంది. పాత పటంలో అది మోకాలి వెనక ముడత మధ్యనున్న వెయ్‌జోంగ్. ఇప్పటి పటంలో పిరుదు మీది జిబియన్.

మెరిడియన్ అంటే ఒంట్లో శక్తి పారే దారి అని అక్యుపంక్చర్ చెప్పే గీత. మూత్రాశయ మెరిడియన్ మెడ దగ్గర రెండు పాయలవుతుంది. నడిమి గీత నుంచి లోపలిది 1.5 త్సున్ల దూరంలో, బయటిది 3 త్సున్ల దూరంలో వీపు మీదుగా దిగి, వెయ్‌జోంగ్ దగ్గర కలుస్తాయి. రోగి బొటనవేలి వెడల్పే ఒక త్సున్. పాత లెక్కలో లోపలి పాయను 35 దగ్గర ఆపి, బయటి పాయకు 36–49, ఆపైన తొడ వెనక నుంచి మోకాలి దాకా 50–54 ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో మనీలాలో మొదలుపెట్టి, 1989లో జెనీవాలో 361 బిందువుల పేర్లు ఖరారు చేసింది. ఆ ప్రామాణిక పట్టికలో తొడ బిందువులు 36–40, బయటి పాయ 41–54. పిక్క మీది 55 నుంచి చిటికెన వేలి 67 దాకా అంకె మారలేదు. రెండు పటాలూ ఒకటేనని పొరబడేది అందుకే.

పాయలు కలిసే చోట 54, దాని కిందే 55 ఉంటే ప్రవాహం తెగదని పాత వరుస వాళ్లు అంటారు. సబబుగానే ఉంది. కానీ ప్రాచీన చైనా వైద్య గ్రంథం లింగ్‌షు ముందు లోపలి పాయను మోకాలి గుంట దాకా దించి, ఆ తర్వాతే రెండో పాయను భుజం నుంచి ఎత్తుకుంటుంది. కొత్త వరుస నడక అదే.

ముప్పంతా లోతుతోనే. జిబియన్‌కు మందమైన పిరుదు కండరంలో 1.5–2 త్సున్లు నిలువుగా దించుతారు. పాత పటంలో చోటు చూసి, కొత్త పుస్తకంలో లోతు చూసినవాడు అదే సూదిని మోకాలి గుంటలో దించితే టిబియల్ నాడి, దాని అడుగున పెద్ద సిర, ధమని తగులుతాయి. అరికాలి దాకా షాక్ కొట్టినట్టు జిల్లుమంటే వెంటనే సూది వెనక్కి లాగాలి. 50 దగ్గర పొరబడితే ఇంకా ప్రమాదం. పాత 50 పిరుదు కింది ముడతలోని చెంగ్‌ఫు, ఒకటి రెండు త్సున్లు నిలువుగా దిగినా ఇబ్బంది లేదు. కొత్త 50 పన్నెండో వక్ష వెన్నుపూస పక్కన ఉంది. అక్కడ ఏటవాలుగా 0.5–0.8 త్సున్ దాటకూడదు, దాటితే ఊపిరితిత్తికో మూత్రపిండానికో గుచ్చుకుంటుంది.

చీటీలో అంకె పక్కన బిందువు పేరు రాయని వైద్యుణ్ణి అడిగి రాయించుకోవాలి. గోడ మీది పటం ఏదో తేల్చుకోవాలంటే 40 ఎక్కడుందో చూడండి: మోకాలి వెనక ఉంటే కొత్తది, వీపు మీద ఉంటే పాతది.