టెండరు పద్ధతి మారింది, తవ్వడం మారలేదు: ఒంగోలు రోడ్ల వెనక కథ

ఒంగోల్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించే మాటే ఇది. నిన్న గాక మొన్న వేసిన సీసీ రోడ్డును ఇవాళ పైపు కోసం పగలగొడుతున్నారు. ఎందుకయ్యా అంటే అందరూ చెప్పేది ఒకటే, కాంట్రాక్టరూ ఇంజినీరూ కుమ్మక్కు అని. అది లేదని నేననను. కానీ అంతా కుమ్మక్కు ఖాతాలో వేసేస్తే అసలు విషయం తప్పిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వాలు టెండరు పద్ధతిని మార్చి మార్చి చూశాయి. ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత అని తేల్చే పద్ధతి జోలికి మాత్రం ఎవరూ గట్టిగా పోలేదు.

ఒంగోలు కొత్త మున్సిపాలిటీ ఏం కాదు, 1876 నాటిది. అంత వెనక్కి పోనక్కర్లేదు గానీ 2003కి ముందు టెండర్లు ఎలా జరిగేవో తెలియాలి. అప్పట్లో షెడ్యూల్ ఫారం ఆఫీసుకొచ్చి కొనుక్కోవాలి, నింపి మళ్ళీ ఆఫీసుకే వచ్చి టెండరు బాక్సులో వెయ్యాలి. ఫారం ఎవరెవరు కొన్నారో గుమాస్తాకి తెలుసు, గుమాస్తాకి తెలిస్తే సాయంత్రానికి ఊరందరికీ తెలుసు. అంతా ఒకచోట కూర్చుని రింగయ్యేవాళ్ళు. ఈ పని నీది, వచ్చేది నాది, మిగతావాళ్ళకి తప్పుకున్నందుకు గుడ్‌విల్ డబ్బు. రింగులో చేరని మొండివాడు ఎవడైనా ఉంటే బాక్సు దాకా రాకుండా గేటు దగ్గరే మనుషుల్ని పెట్టేవాళ్ళు. ఇదేమీ ఒంగోలు ప్రత్యేకత కాదు, రాష్ట్రమంతా ఇదే తంతు.

2003లో రెండు మార్పులొచ్చాయి. జనవరిలో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు, మొదలైంది, ముందు పెద్ద పనులకి, తర్వాత మెల్లగా చిన్నవాటికి. ఇంట్లో కూర్చుని టెండరు వెయ్యొచ్చు కాబట్టి గేటు దగ్గర మనుషులకి పని లేకుండా పోయింది. జులైలో నీటిపారుదల శాఖ జీవో 94 ఇచ్చింది. ఇప్పటికీ ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు మాట్లాడుకునే భాషంతా దాని నుంచి వచ్చిందే. అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్, అంటే ఎక్కువ ధర, ఇవ్వరు. బిడ్ కెపాసిటీ లెక్క తేలాలి, అంటే చేతిలో ఉన్న పనులు తీసేశాక ఇంకా ఎంత పని మొయ్యగలడు అన్నది. తక్కువకి వేసేవాడికి కూడా ఒక గీత గీశారు.

ఒక వీధి లెక్క చూద్దాం. పని విలువ 40 లక్షలనుకోండి. టెండరుతో 1 శాతం, 40 వేలు ఈఎండీ, అంటే ధరావతు. పని దక్కితే అగ్రిమెంట్ అప్పుడు ఇంకో ఒకటిన్నర శాతం, 60 వేలు. బిల్లు వచ్చేటప్పుడు అందులోంచి 7.5 శాతం పట్టుకుంటారు, రోడ్డు పాడైతే బాగు చేయించడానికి అది చేతిలో ఉండాలని. 25 శాతం లెస్, అంటే 30 లక్షల దాకా ఎంతకి వేసినా అడిగేవాడు లేడు. అంతకంటే దిగి 28 శాతం లెస్‌కి, 28 లక్షల 80 వేలకి వేస్తే ఆ తేడా లక్షా ఇరవై వేలకి అదనంగా గ్యారంటీ కట్టాలి. అంతే.

లక్షా ఇరవై వేలు కట్టి నాలుగో వంతు కంటే ఎక్కువ తగ్గించి పని ఎందుకు తీసుకుంటాడు? మిషన్లు ఖాళీగా ఉంచలేక కొందరు, పోటీ కాంట్రాక్టర్‌ని దెబ్బతియ్యాలని కొందరు, తర్వాత అదనపు ఐటెమ్‌లు రాబట్టుకోవచ్చన్న ధీమాతో ఇంకొందరు. ఏదైనా ఆ తగ్గింపు ఎక్కడో ఒకచోట తేలాలిగా. సందుల్లో వేసే సిమెంటు రోడ్డు మందం ఎస్టిమేట్‌లో 15 సెంటీమీటర్లు ఉంటే, అంచుల్లో చెక్క పలక దగ్గర సరిగ్గా 15 ఉంటుంది, మధ్యలో ఎంతుందో పలక తీశాక ఎవరికీ కనపడదు. రోడ్డు గట్టిపడ్డానికి నీళ్ళు కట్టడం రెండు రోజులకే ఆపేస్తారు. కొలతలు రాసే ఎం-బుక్‌లో మాత్రం అంతా కొలత ప్రకారమే.

రింగు పోయిందా అంటే పూర్తిగా పోలేదు, రూపం మార్చుకుంది. ఆన్‌లైన్ పరిధిలోకి రాకుండా ఒక పెద్ద పనిని ముక్కలు చేసి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా, ఇవ్వడం ఒక దారి. ఒకే వీధికి మూడు ఎస్టిమేట్లు, ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు అని. వీధి ఒకటే అయినా రోడ్డు మూడు ఎత్తుల్లో ఉంటే కారణం చాలాసార్లు అదే.

ఆ తర్వాత 2019 ఆగస్టులో జీవో 67తో రివర్స్ టెండరింగ్ వచ్చింది. ధరలు విప్పాక మళ్ళీ ఆన్‌లైన్లోనే తగ్గింపు పాట. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని ఎత్తేశారు. దాని మీద రెండు పార్టీల వాళ్ళూ గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ, అసలు టెండరు వేసేవాడే లేని చోట రివర్స్ అయితే ఏంటి, ఫార్వర్డ్ అయితే ఏంటి?

అవును, వేసేవాడే లేని రోజులొచ్చాయి. 2018లో ప్రభుత్వ చెల్లింపులన్నీ ఒకేచోట చూసే సీఎఫ్ఎంఎస్ వచ్చాక మున్సిపల్ బిల్లు కూడా ఆన్‌లైన్లో రాష్ట్ర ఖజానా క్యూలో నిలబడింది. అంతకుముందు ఇంటిపన్ను, నీటిపన్ను వసూలైతే మున్సిపాలిటీ తన సాధారణ నిధుల్లోంచి చెక్కు రాసేది. సీఎఫ్ఎంఎస్ వచ్చాక డబ్బు ఊరిదే అయినా బటన్ నొక్కింది అమరావతిలో. బిల్లులు నెలల తరబడి ఆగాయి, చిన్న కాంట్రాక్టర్లు వడ్డీలు కట్టలేక పక్కకి తప్పుకున్నారు, పిలిచిన టెండర్లకి ఒక్క బిడ్ రాక మళ్ళీ మళ్ళీ పిలిచిన పట్టణాలు రాష్ట్రంలో చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు మిగిలేది ఏడాది, రెండేళ్ళు డబ్బు రాకపోయినా తట్టుకోగల పెద్ద చేతులే. పోటీ తగ్గించాలని ఎవరూ అనుకోలేదేమో గానీ జరిగింది అదే.

ఇక ప్లానింగ్ సంగతి. ఒంగోలు కథలో చాలా ఊళ్ళకి లేని మెలిక ఒకటుంది. 2010లో కౌన్సిల్ గడువు తీరింది. 2012లో కార్పొరేషన్ అయింది, కొప్పోలు, పేర్నమిట్ట, త్రోవగుంట లాంటి ఊళ్ళు వచ్చి కలిశాయి. ఎన్నికలు మాత్రం 2021 మార్చి దాకా జరగలేదు. 2014లో నెల్లూరుకి మేయర్ వచ్చాడు, మనకి రాలేదు. పదేళ్ళకి పైగా ప్రత్యేకాధికారుల పాలన. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, కలెక్టరేట్ పనులతో పాటు ఇదొక ఫైలు వాళ్ళకి, పైగా బదిలీలు. పైనుంచి వచ్చే గ్రాంట్లకీ చిక్కే, 14వ ఆర్థిక సంఘం తన నిధుల్ని ఎన్నికైన పాలకవర్గాలున్న సంస్థలకే ఇమ్మంది.

ఊరు విపరీతంగా పెరిగింది సరిగ్గా ఆ ఏళ్ళలోనే. పొలాలు ప్లాట్లయ్యాయి. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే రోడ్లు, కాలవలు వేసి, పదో వంతు ఖాళీ జాగా వదిలి ఇవ్వాల్సింది అమ్మేవాడు. అనధికార లేఅవుట్‌లో అవేవీ ఉండవు, సున్నం గీతలు, రాళ్ళు తప్ప. కొన్నవాళ్ళు ఇళ్ళు కట్టుకుంటారు, ప్రభుత్వం 2007 చివర్లో ఒకసారి, 2020లో మరోసారి చేసినట్టు క్రమబద్ధీకరణ అంటుంది, ఆ తర్వాత రోడ్డు కావాలని ధర్నా. ఆ రోడ్డు ఖర్చు చివరికి పాత ఊళ్ళో పన్ను కట్టేవాడి మీద పడుతుంది. ఈ మాట ఏ పార్టీ నాయకుడూ మైకులో అనడు.

రోడ్డు ముందు, పైపు తర్వాత ఎందుకంటే, రెండింటి డబ్బులు ఒకే చోటి నుంచి రావు. వీధి రోడ్డుకి సాధారణ నిధులో ఆర్థిక సంఘం నిధులో, కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగం చూస్తుంది. పెద్ద పైపులైన్లు 2015లో మొదలైన అమృత్ లాంటి కేంద్ర పథకంలో వస్తాయి, ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ చూస్తుంది. పైనుంచి వచ్చే ప్రతి నిధికీ ఒక గడువు, ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. దేని గడువు ముందొస్తే ఆ పని ముందు. పైపు ఆర్నెల్ల తర్వాత వస్తుందని ఇంజినీరుకి తెలిసినా రోడ్డు ఆపలేడు, ఎందుకంటే పైపు నిజంగా వస్తుందని అతనికి నమ్మకం లేదు, శంకుస్థాపన రాయి మాత్రం అప్పటికే చెక్కించారు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో అప్పుతో భూగర్భ డ్రైనేజీకి వీధి వీధీ తవ్వినప్పుడు అక్కడివాళ్ళు పడిన పాట్లు తెలిసినవే. ఒంగోల్లో చాలా భాగానికి భూగర్భ డ్రైనేజీ ఇంకా రావాల్సే ఉంది, అంటే ఇప్పుడు వేసే రోడ్లలో ఎన్నింటికి మళ్ళీ గడ్డపార పడుతుందో లెక్కేసుకోండి.

పాత రోడ్డు తియ్యకుండా దాని మీదే కొత్తది పోస్తే పాత ఇళ్ళ మెట్లు ఒక్కొక్కటే భూమిలోకి పోతాయి. రోడ్డు మీది వాన ఇంట్లోకి, పక్క కాలవ ఎత్తు కలవక మురుగు వెనక్కి. చివరికి ఊరి నీళ్ళన్నీ చేరాల్సిన పోతురాజు కాలవ పని ఏళ్ళ తరబడి నానుతూనే ఉంది. దిగువన కాలవ తెమలకుండా ఎగువన వీధి కాలవలు కట్టుకుంటూ పోతే నీళ్ళు ఎటు పోవాలి?

2019 జనవరిలో ఒంగోలుకి పట్టణాభివృద్ధి సంస్థ, ఔడా, వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో వార్డు సచివాలయాలొచ్చాయి. ఇళ్ళ ప్లాన్లు చూసే ప్లానింగ్ కార్యదర్శీ, నీళ్ళూ రోడ్లూ చూసే ఎమినిటీస్ కార్యదర్శీ వాటితో ఒకే గదిలోకి వచ్చారు. మీ వీధికి ఎస్టిమేట్ తయారవుతోందని తెలిస్తే టెండరు పిలవక ముందే వెళ్ళి ఆ ఇద్దర్నీ కలిపి అడగండి, కింద పైపు పని అయిందా, కాలవ లెవెల్ ఎంత అని. టెండరు పిలిచాక అడిగితే ఫైలు కార్పొరేషన్ ఆఫీసులో ఉందంటారు.