మానిటర్ కొంటున్నారా? అంగుళాల కన్నా ముందు పిక్సెళ్లు చూడండి

ఆఫీసుల్లో, ఇళ్లలో కంప్యూటర్లు అమర్చడం నా పని. ఎక్కడికి వెళ్లినా ఈ మాట వినబడుతూనే ఉంటుంది: "పెద్ద స్క్రీనే కొన్నామండీ, అయినా అక్షరాలు మసగ్గా ఉన్నాయి. కళ్లు పాడయ్యాయేమో." పాపం, నిజంగానే భయపడుతుంటారు. వెళ్లి చూస్తే చాలాసార్లు లోపం మానిటర్ ఎంపికలోనో, సెట్టింగులోనో ఉంటుంది.

అపోహ: స్క్రీన్ ఎంత పెద్దదైతే అంత స్పష్టంగా కనిపిస్తుంది.

వాస్తవం: స్క్రీన్ మీద బొమ్మని కూర్చే చిన్న చుక్కలే పిక్సెళ్లు. 1920×1080 (అడ్డంగా 1920, నిలువుగా 1080) అంటే 24 అంగుళాల మీదా అన్నే పిక్సెళ్లు, 32 అంగుళాల మీదా అన్నే. సైజు పెరిగితే ఒక్కో పిక్సెల్ లావెక్కుతుంది, అంతే. 24 అంగుళాల్లో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు పడతాయి. 27లో అది 82 అవుతుంది, 32లో 69కి పడిపోతుంది. అదే 27 అంగుళాల్లో 2560×1440 తీసుకుంటే 109, 4కె (3840×2160) అయితే 163. చేతికి అందే దూరంలో కూర్చుని రోజంతా చదివేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

తెలుగులో పనిచేసేవాళ్లకు మరీను. ప్రూఫులు దిద్దే ఒకావిడ 32 అంగుళాల 1080 మానిటర్ కొనుక్కుని, తలనొప్పి వస్తోందని కళ్లజోడు కూడా మార్పించుకున్నారు. నేను స్క్రీన్‌కి దగ్గరగా వంగి చూశాను. 'థ' కడుపులోని చుక్క చుట్టూ ఉన్న గీతలో కలిసిపోయింది. వత్తులైతే మెట్లుమెట్లుగా విరిగి ఉన్నాయి. అదే ఫైలు 27 అంగుళాల 1440 మానిటర్ మీద తెరిచాం. ఫాంట్ సైజు ముట్టుకోలేదు. చుక్క చుక్కలాగా విడిగా కనబడింది. ఆవిడ చాలాసేపు ఆ ఒక్క అక్షరాన్నే చూస్తూ ఉండిపోయారు.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ ఇంకొకటుంది: అక్షరాలు చిన్నగా ఉంటే రిజల్యూషన్ (పిక్సెళ్ల లెక్క) తగ్గించాలి. దయచేసి ఆ పని చేయకండి. ఎల్‌సీడీ ప్యానెల్‌లో, అంటే మానిటర్లలో ఎక్కువగా వాడే తెరలో, పిక్సెళ్లు తయారీలోనే ఖాయమైపోతాయి. 1440 ప్యానెల్‌ని 1080లో పెడితే బొమ్మలోని ఒక్కో పిక్సెల్‌ని అడ్డంగానూ నిలువుగానూ ఒకటీ మూడోవంతు పిక్సెళ్లకు సర్దాలి. అలా సరిగ్గా సర్దడం కుదరదు కాబట్టి అంచులు మసకబారతాయి. రిజల్యూషన్ "రికమెండెడ్" మీదే ఉంచి, స్కేలింగ్‌ని (అక్షరాల, బొమ్మల సైజు మార్చే సెట్టింగుని) 125 లేదా 150 శాతానికి పెంచండి. అక్షరం పెద్దదవుతుంది, పదునూ తగ్గదు. మంచి మానిటర్ కొని కూడా ఈ ఒక్క సెట్టింగు తెలియక ఏళ్లతరబడి మసక అక్షరాలతో పనిచేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎల్‌ఈడీ మానిటర్ అని అమ్మేవాటిలో అత్యధికం ఎల్‌సీడీలే, వెనక వెలిగే దీపాలు మాత్రమే ఎల్‌ఈడీలు. కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుగు తేడా) లక్షలూ కోట్లూ అని పెట్టె మీద రాస్తే పట్టించుకోకండి, అది వెనక దీపాన్ని పెంచి తగ్గించి చూపే డైనమిక్ లెక్క. ఎల్‌సీడీల్లోనే ఐపీఎస్, వీఏ అని రకాలుంటాయి. మామూలు ఐపీఎస్ ప్యానెల్ అసలు కాంట్రాస్ట్ 1000:1 దగ్గర, వీఏ అయితే 3000:1 దగ్గర ఉంటుంది. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని ఎక్కువగా చూపే పద్ధతి) అని స్టిక్కర్ ఉన్నంత మాత్రాన తగినంత వెలుతురు ఉందని కాదు. 4కె కొని, పాత తరం హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకే తగిలిస్తే 30 హెర్ట్జ్‌కి మించి రాదు, అంటే బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది, మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంది.

స్క్రీన్ నీలి కాంతి కళ్లను పాడుచేస్తుందని తిరిగే పుకార్లకు అసలు టెన్షన్ పడకండి. స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్ప వేయడం తగ్గిపోతుంది, కళ్లు ఎండిపోయేది ఎక్కువగా అందుకే. బ్రైట్‌నెస్ కూడా చూసుకోండి. ఒక తెల్ల కాగితం స్క్రీన్ పక్కన పట్టుకుని, రెండూ దాదాపు ఒకేలా కనిపించేదాకా తగ్గించండి. అప్పటికీ కళ్ల నొప్పి, తలనొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక కొన్న రోజే చేయాల్సిన పని ఒకటుంది: తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని ఒక్కొక్కటే స్క్రీన్ నిండా పెట్టి చచ్చిన (వెలగని) పిక్సెళ్లు ఉన్నాయేమో వెతకండి. ఒకటీ అరా ఉంటే చాలా కంపెనీలు వారంటీలో మార్చవు. వాపసు గడువు ఉండగానే దొరికితే మార్చుకోవడం తేలిక.