చైన్ సా ఆకురాయి సైజు: అపోహలు – వాస్తవాలు

కట్టె తెగడం లేదని చైన్ పట్టుకొచ్చేవాళ్లలో చాలామందికి పదును పెట్టడం రాక కాదు. వారం వారం రుద్దుతూనే ఉంటారు, రుద్దేకొద్దీ కోత ఇంకా చెడుతుంది. "చైన్ డూప్లికేట్ అండీ", "ఈమధ్య స్టీల్ మెత్తగా వస్తోందంట" అంటారు. పన్నును వెలుతురుకు ఎదురుగా పెట్టి పక్క నుంచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. చైన్ మంచిదే. ఆకురాయే దాని సైజుది కాదు.

అపోహ: "మిషన్ పెద్దదైతే లావు ఆకురాయి, చిన్నదైతే సన్నది."

వాస్తవం: ఆకురాయి సైజుకూ ఇంజిన్ సీసీకీ సంబంధం లేదు. చైన్ తిరిగే బార్ 18 అంగుళాలదా, 22 అంగుళాలదా అన్నదీ అనవసరం. చూడాల్సింది చైన్ పిచ్, దాంతోపాటు ఆ చైన్ తయారుచేసిన కంపెనీ చెప్పిన సైజు. వరసగా ఉన్న మూడు రివిట్లలో మొదటిదాని నడిమి నుంచి మూడోదాని నడిమి దాకా వెర్నియర్‌తో కొలిచి, వచ్చినదాన్ని సగం చేస్తే అదే పిచ్. రివిట్ల మధ్య ఎడం అన్నిచోట్లా సమానంగా ఉండదు కాబట్టి రెండింటి మధ్య కొలిస్తే తప్పు వస్తుంది. సగం చేయకముందు 12.7 మి.మీ. వస్తే 1/4 అంగుళం పిచ్, 16.5 వస్తే .325, 19 దగ్గర వస్తే 3/8, 20.5 వస్తే .404.

మామూలుగా 1/4కి 4.0 మి.మీ. ఆకురాయి, .325కి 4.8, .404కి 5.5. మార్కెట్లో 52, 58 సీసీ అని అమ్మే మిషన్లలో ఎక్కువవాటికి .325 చైనే వస్తుంది, వాటికి 4.8 సరిపోతుంది. "4.8 ఒక్కటి కొనుక్కో, అన్నిటికీ పనికొస్తుంది" అనే మాట అందుకే పుట్టి ఉండాలి. అన్నిటికీ పనికిరాదు. .325లోనే సన్న కోత చైన్లు కొన్ని ఉన్నాయి, వాటికి ప్యాకెట్ మీద ఏ సైజు రాసి ఉంటే అదే వాడాలి.

అపోహ: "3/8 అంటే 3/8నే. దానికి ఒకటే ఆకురాయి."

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ చైన్లను పాడుచేస్తున్నది ఈ మాటే. 3/8 పేరుతో రెండు వేరు వేరు చైన్లు నడుస్తున్నాయి. ఒకటి లో ప్రొఫైల్. స్టిల్ కంపెనీ దీన్ని 3/8 పి, పికో అంటుంది. ఒరెగాన్ కంపెనీలో 91 నంబరు. స్టిల్ ఎంఎస్ 180 లాంటి చిన్న మిషన్లకు వచ్చేది ఇదే. దీని పన్ను పొట్టిది, 4.0 మి.మీ. ఆకురాయి పడుతుంది. రెండోది పూర్తి సైజు 3/8, పెద్ద మిషన్లది. ఒరెగాన్‌లో 72, 73, 75 నంబర్లు, వీటికి 5.5. స్టిల్ మాత్రం తన పూర్తి 3/8 చైన్‌కు 5.2 చెబుతుంది. రివిట్లు కొలిస్తే రెండు రకాలూ 19 దగ్గరే చూపిస్తాయి. షాపుకెళ్లి "3/8కి ఆకురాయి ఇవ్వండి" అంటే చిన్న మిషన్ మనిషి చేతికి 5.5 వచ్చేది ఇందుకే.

కొలతకు దొరకని తేడా గుర్తులో దొరుకుతుంది. చైన్‌ను కిరోసిన్‌తో కడిగి చూడండి. స్టిల్ చైన్‌లో డెప్త్ గేజ్ (పన్ను ఎంత లోతు కొరకాలో ఆపే, దాని ముందున్న మొన) పక్కన అంకె కొట్టి ఉంటుంది: 3 అయితే పూర్తి 3/8, 6 గానీ పి గానీ ఉంటే లో ప్రొఫైల్, 2 అయితే .325, 4 అయితే .404. ఒరెగాన్‌లో బార్ గాడిలో తిరిగే లింకు మీద నంబర్ ఉంటుంది. ఆ అంకె చూపించి కొనండి, మిషన్ పేరు చెప్పి కాదు.

సైజు తప్పితే పన్నుకు ఏమవుతుందో చూద్దాం. ఆకురాయి పన్నులో కూర్చున్నప్పుడు దాని మందంలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు, పన్ను పై రేకుకన్నా ఎత్తున ఉండాలి. 4.0 ఆకురాయి అయితే 0.8 నుంచి 1 మి.మీ. పైకి కనిపించాలన్నమాట. అప్పుడే పై అంచు కింద సరైన వంపు తిరుగుతుంది.

లావు ఆకురాయి పన్నులో కిందికి దిగదు, ఎత్తులోనే ఆగిపోతుంది. అంచు కింద వంపు రాదు, పన్ను ముఖం వెనక్కి వాలుతుంది. వేలితో తాకితే పదునుగానే అనిపిస్తుంది కానీ కట్టెను పట్టదు. మిషన్ మీద బరువు వేసి నొక్కాల్సి వస్తుంది, పేడులకు బదులు పిండిలాంటి పొట్టు రాలుతుంది, బార్ కాలుతుంది, క్లచ్ అరుగుతుంది.

సన్న ఆకురాయి మోసం వేరు. అది పన్నులో లోతుకు దిగి కొక్కెంలా తవ్వుతుంది. అంచు బ్లేడులా పలచబడి, మొదటి నాలుగు దుంగలు వెన్నలా తెగుతాయి, "ఇదే మంచి ఆకురాయి" అని నమ్మకం కుదురుతుంది. ఆ పలచటి అంచు కాసేపటికే చిట్లుతుంది. తీరప్రాంతంలో ఇసుక పట్టిన సరుగుడు మాను మీదైతే మరీ త్వరగా. మళ్లీ రుద్దుతారు, మళ్లీ మొద్దుబారుతుంది. ఇంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. లోతుకు దిగిన ఆకురాయి పన్ను కిందున్న పక్క పట్టీని కూడా కోస్తుంది. ఆ గాటు దగ్గరే పగులు పుట్టి, చైన్ తిరుగుతుండగా తెగుతుంది. పట్టీ మీద గోరుకు తగిలేంత గాటు పడితే ఆ చైన్ ఇక వాడొద్దు.

"తప్పు ఆకురాయితో రుద్దేశాను, చైన్ పోయినట్టేనా?" అని కంగారుపడి అడుగుతారు. పట్టీలు బాగుంటే పోలేదు. అన్నిటికన్నా పొట్టిగా అరిగిన పన్నును వెతికి దాంతో మొదలుపెట్టండి. పన్ను లోపలి ముఖానికి నల్ల మార్కర్ పూసి, సరైన సైజు ఆకురాయితో నాలుగు తోపులు తోసి చూడండి. ఇంకు ఎక్కడ మిగిలిందో అక్కడ ఆకురాయి తగలడం లేదు. అంతా చెరిగేదాకా తోసి, మిగతా పళ్లన్నిటినీ అదే పొడవుకు తెండి. ఇది గంట పని, ఓపిక పట్టండి. ముందు స్పార్క్ ప్లగ్ టోపీ లాగేయండి, చేతికి గ్లౌజు వేసుకోండి.

మిగతావి గబగబా చెప్పుకుందాం. గేజ్ 1.3, 1.5, 1.6 మి.మీ. అని ఉంటుంది చూశారా, అది బార్ గాడి కొలత, దానికీ ఆకురాయికీ లింకు లేదు. ఆకురాయిని ముందుకూ వెనక్కూ లాగొద్దు. తోసేటప్పుడే అది కోస్తుంది, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి, లేకపోతే దాని గరుకే చస్తుంది. నూనె పూయకూడదు, పొడి ఇరుక్కుని జారిపోతుంది. గ్రైండర్‌తో తొందరగా అవుతుంది, నిజమే, కానీ పన్ను నీలి రంగు తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే. ఆకురాయి పట్టే కోణం చాలా చైన్లకు 30 డిగ్రీలు, పలకలుగా చీరే రిప్పింగ్ చైన్‌కు 10.

డెప్త్ గేజ్‌ను ఎంత దించితే అంత స్పీడు అనేది మాత్రం గట్టిగా ఖండించాలి. .325, 3/8 చైన్లలో ఎక్కువవాటికి అది పన్ను అంచుకన్నా 0.65 మి.మీ. కిందుండాలి. ఇంకా దించితే పన్ను తన శక్తికి మించి కొరుకుతుంది, మిషన్ ఎగిరి మనిషి మీదికే వస్తుంది. మూడు నాలుగు సార్లు పదును పెట్టాక ఒకసారి గేజ్ ప్లేటు పెట్టి చూసి, పైకి పొడుచుకొచ్చినంత మేరే చదును ఆకురాయితో తీయండి.

పన్ను సగానికి పైగా అరిగాక ఒక సైజు తగ్గించి, అంటే 5.5 బదులు 5.2 వాడేవాళ్లున్నారు. దాంట్లో తప్పు లేదు. పై రేకు వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి అరిగేకొద్దీ పన్ను ఎత్తు తగ్గుతుంది, పాత ఆకురాయి మరీ పైకి తేలుతుంది. మరీ పైకి తేలిందో లేదో ఆ ఐదో వంతు లెక్కతోనే చూసుకోవాలి. చాలా చైన్లకు పై రేకు వెనకవైపు వాలుగా ఒక గీత ఉంటుంది. ఏ ఒక్క పన్ను ఆ గీత దాకా అరిగినా చైన్ మార్చేయాలి.